వెనక్కి నడిచిన రాజ్యం

నేను ఒక కర్రపెట్టెను. ముందు గాజు కన్ను, పక్కన ఇత్తడి పిడి. ఇప్పుడు ఒక మ్యూజియంలో అద్దాల బీరువాలో పడి ఉన్నాను. నా ముందు ‘ముట్టుకోరాదు’ అని బోర్డొకటి. అబ్బో, ఏం మర్యాదండీ! ఒకప్పుడు ముట్టుకోమన్నా జనం వణికిపోయేవారు.

బొమ్మలు కదలడం లోకానికి కొత్తగా ఉన్న రోజుల్లో ఫ్రాన్సు దేశంలో పుట్టాను. పిడి తిప్పితే ఎదురుగా ఉన్నదాన్ని ఫిల్ము మీదికి ఎక్కించుకుంటాను. అదే ఫిల్ముకి వెనకాల దీపం పెట్టి తిప్పితే తెరమీద ఆడిస్తాను. రెండు పనులూ నావే. నన్ను వెంటబెట్టుకుని కాకినాడ రేవులో దిగిన దొర మన ఎండలకి తట్టుకోలేక, తీర్థాల్లో గాజుపలకల బొమ్మలు చూపించుకునే పేర్రాజుకి నన్ను అంటగట్టి ఓడెక్కేశాడు.

ఆ మొదటి ఆటలు చూడాలి మీరు! మాటా లేదు, పాటా లేదు. తెరమీద మనిషి నడుచుకుంటూ అంచు దాటిపోతే, ఎటు పోయాడో చూద్దామని జనం తెర వెనక్కి పరిగెత్తేవారు. పేర్రాజు అంతటితో ఊరుకునే రకం కాదు. పిడి వెనక్కి తిప్పి పగిలిన కుండని అతికించేవాడు, చెరువులో దూకినవాణ్ణి గట్టెక్కించేవాడు. జనం ఈలలు వేసేవారు.

కోటిపల్లిలో ఆటకి ఒక ధాన్యం కొట్టు దొరికింది. భోజనం సోమిదేవమ్మగారి పూటకూళ్ళ ఇంట్లో. ఆవిడకి రాజ్యం ఒక్కతే కూతురు. కాపురానికి వెళ్ళాల్సిన ఏడు అది. నన్ను చూసిన రోజునుంచీ తన బొమ్మ తియ్యమని ఒకటే గోల. బొమ్మ తీస్తే ఆయుష్షు తరిగిపోతుందని ఆ రోజుల్లో అందరికీ భయం. సోమిదేవమ్మ ససేమిరా అంది. పిల్ల అన్నం మానేసి కూర్చునేసరికి దిగొచ్చి ఒక షరతు పెట్టింది.

“మొహం మాత్రం పడకూడదు పేర్రాజూ. ఆయుష్షంతా మొహంలోనే ఉంటుంది. వీపు తీసుకో.”

అలాగే తీశాడు. రాజ్యం బిందె చంకనెత్తుకుని నా పక్కనుంచి బయలుదేరి, వెనుదిరిగి చూడకుండా గోదావరి మెట్లు దిగిపోయింది. ఫిల్ము మీద ఉన్నది అంతే.

ఆ వానాకాలం ఊళ్ళోకి కలరా వచ్చింది. మొహం దాచినా పిల్ల దక్కలేదు.

అప్పటినుంచి మధ్యాహ్నం వడ్డనలయ్యాక సోమిదేవమ్మ కొట్టుకి వచ్చి కూర్చునేది. పేర్రాజు తలుపులు మూసి ఫిల్ము ఆడించేవాడు. పిల్ల నడిచి వెళ్ళిపోయేది. ఆవిడ కళ్ళొత్తుకుని లేచిపోయేది. ఒకరోజు లేవలేదు.

“నాయనా, నాకు దాని మొహం గుర్తు రావడం లేదురా. కళ్ళు మూసుకుంటే ఈ వీపే కనిపిస్తోంది. కన్నతల్లిని, నాకే గుర్తు రావడం లేదు!” అని బావురుమంది.

ఉన్న మొహాన్ని కూడా ఈ వీపు కొంచెం కొంచెంగా తినేసిందన్నమాట.

“వెనక్కి తిప్పు. కుండ అతికించావే, అలాగ. దాన్ని ఇటు రప్పించు.”

“వెనక్కి తిప్పినా వీపే వస్తుంది పిన్నిగారూ. తియ్యని మొహం ఎక్కణ్ణుంచి తెచ్చేది?”

“దగ్గరికి రానీ, నేను పిలుస్తాను. అమ్మ పిలిస్తే తిరగదూ?”

దయ్యానికి పాదాలు వెనక్కి ఉంటాయని చిన్నప్పుడే పేర్రాజుకి నూరిపోశారు. ఇప్పుడు చచ్చిపోయిన పిల్లని వెనక్కి నడిపించాలి. పైగా ఆ ఫిల్ముతో ఇంకో చిక్కుంది. దీపం ముందు ఆగిందా, భగ్గుమంటుంది. తిరుగుతున్నంతసేపే దానికి బతుకు. ఆ మాట ఆవిడకీ చెప్పాడు. ఆవిడ వినిపించుకోలేదు. ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకుని పిడి వెనక్కి తిప్పాడు.

ముందు ఖాళీ మెట్లు. కిందనుంచి జడ పైకి లేచింది, తర్వాత వీపు, బిందె. మడమలు ముందుకేస్తూ రాజ్యం మెట్లెక్కి వస్తోంది. వీపు పెద్దదవుతోంది. ఇంకో నాలుగడుగులు వేస్తే ఫిల్ము అయిపోయి తెర తెల్లబడాలి.

“రాజ్యం! ఇటు చూడవే తల్లీ!”

పిడి తిరుగుతూనే ఉంది. నా పళ్ళ మధ్య ఫిల్ము జరుగుతూనే ఉంది. తెరమీద ఆ పిల్ల మాత్రం ఆగిపోయింది. మెల్లిగా మెడ తిప్పింది.

పేర్రాజు కెవ్వుమని కళ్ళు మూసుకుని పిడి వదిలేశాడు. ఫిల్ము ఆగింది. ఆ మొహం మధ్యలో గోధుమరంగు మచ్చ లేచి బొబ్బలెక్కి అంటుకుంది. పేర్రాజు తేరుకుని తడిగోనె తెచ్చి నామీద కప్పేసరికి అంతా బూడిదే మిగిలింది.

పొగలో సోమిదేవమ్మ ఏడుస్తూ నవ్వుతోంది. “చూశాను నాయనా! అదే మొహం! నవ్వింది కదూ? నువ్వూ చూశావు కదూ?”

“చూశాను పిన్నిగారూ. నవ్వింది,” అన్నాడు పేర్రాజు. పాపం, ఇంకేమనగలడు?

కళ్ళు మూసుకునే యోగం నాకు లేదు. ఆ పిల్ల నవ్వలేదు. తెరమీంచి కొట్టులోని చీకట్లోకి తొంగిచూస్తూ, అమ్మ గొంతు ఎటునుంచి వచ్చిందో తెలియక వెతుక్కుంటోంది.