కడిగిన మొహాలు

మా అమ్మాయికి ఉద్యోగ దరఖాస్తు కోసం ఫొటో కావాల్సి వస్తే, వెనక వీధిలోని స్టూడియోకి వెళ్ళి దిగొచ్చింది. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో వాళ్ళందరి మొహాలూ ఫొటోల్లో బాగుచేస్తున్న తల్లిని నేనిక్కడ ఉండగా! పైగా ఆ ముక్క నాతో చెప్పను కూడా చెప్పలేదు. ఆ స్టూడియో అతనే పాల బూత్ దగ్గర కనబడి, "మీ అమ్మాయి ఫొటో భలే వచ్చిందండీ" అని పళ్ళికిలించాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"అక్కడికెందుకెళ్ళావే?" అని నిలదీశాను.

"అతను ఉన్నదున్నట్టు తీస్తాడు," అంది. అంతే. కెమెరా బ్యాగు భుజాన తగిలించుకుని పనికి వెళ్ళిపోయింది.

మా ఫొటో దుకాణంలో ఫొటోలు తీసేది అదే, కంప్యూటరు మీద వాటిని దిద్దేది నేను. కానీ అది కెమెరా ముందుకొచ్చి పన్నెండేళ్ళయింది. సిగ్గు కాబోలు అనుకుని ఊరుకున్నాను. ఇప్పుడు ఆ ఉద్యోగం వచ్చి, ఒకటో తారీఖున వేరే ఊళ్ళో చేరబోతోంది. ఏ మాటడిగినా ముక్తసరిగా జవాబిస్తుంది. ఇలా నా మీద ఏదో మనసులో పెట్టుకునే గడప దాటుతుందేమోనని నాకు గుబులుగా ఉంది.

మా దుకాణంలో పుట్టిన మాట ఒకటుంది: "మొహం కడగడం". ఎవరి ఫొటో తెరిచినా ముందు మొహాన్ని రెండు మెట్లు తెల్లగా లాగుతాను. మచ్చలూ ముడతలూ ఆ తర్వాతే. చెయ్యమని ఎవరూ అడగరు, వద్దని ఎవరూ అనరు. కడిగింది పాతదాని మీదే సేవ్ చేస్తాను. కడగని మొహాన్ని దాచుకుని ఏం చేసుకుంటామని నా లెక్క.

ఆ ఉద్యోగం ఖాయమైన వారంలోనే ఒక బస్సు కండక్టరమ్మ వచ్చింది. డ్యూటీ దిగి అలాగే వచ్చినట్టుంది, యూనిఫాం మీదే ఉంది. కిందటి నెలలో పోయిన తమ్ముడి గుర్తింపు కార్డు తెచ్చింది. వెల్డింగు పని చేసేవాడట. ఇంట్లో అతనిది అదొక్కటే ఫొటో. పెద్దది చేసి ఫ్రేము కట్టించమంది. కూర్చోబెట్టి టీ తెప్పించాను, ఓదార్చాను. ఆమె బాగా నలుపు, తమ్ముడూ అంతే. పాపం అనుకున్నాను. ఎందుకు పాపమో నన్ను నేను అడగలేదు. రెండు మెట్లు సరిపోవనిపించి నాలుగు లాగాను. చనిపోయినవాడికి ఆమాత్రం సాయం చెయ్యకపోతే ఎలా?

ఫ్రేము తీసుకెళ్ళిన మర్నాడే మళ్ళీ వచ్చింది. దాన్ని బల్ల మీద బోర్లా పెట్టింది.

"మా అమ్మకి చూపించాను మేడమ్. ఎవరబ్బాయే ఇతను, అంది."

"పెద్దది చేస్తే కొంచెం తేడా వస్తుందమ్మా. బాగుండాలనే కదా చేసింది," అన్నాను.

"ఎవరికి బాగుండాలని?"

"చూసేవాళ్ళకి."

"చూసేది మేమే కదండీ."

నాకు చర్రున కోపమొచ్చింది. నా పనికి ఇంతవరకు ఒక్కరూ వంక పెట్టలేదు. ఆ మాటే అన్నాను. ఆమె గొంతు మాత్రం పెరగలేదు.

"టికెట్టిస్తే నా వేళ్ళు తగలకుండా అంచు పట్టుకుని లాక్కునేవాళ్ళున్నారు మేడమ్. వాళ్ళని చూడగానే పోల్చుకుంటాను. మీరు నవ్వుతూ టీ ఇచ్చారు. మిమ్మల్ని పోల్చుకోలేకపోయాను."

"నాకలాంటి బుద్ధి లేదు!" అని లేచాను. "ఆ మాటకొస్తే మా అమ్మాయి మాత్రం తెలుపా? ఇదిగో, చూడండి దీన్ని!"

మూల కూర్చుని లెన్సు తుడుచుకుంటున్న మా అమ్మాయి తలెత్తింది. కండక్టరమ్మ దాన్ని చూసి చప్పున కళ్ళు దించుకుంది. దాన్ని వేలు పెట్టి చూపిస్తున్న నా చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఛీ అనిపించింది. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"కార్డు మళ్ళీ స్కాన్ చెయ్యమ్మా," అంది మా అమ్మాయి, ఏమీ జరగనట్టు.

కార్డు మీది ఫొటో ఎండకి వెలిసిపోయి ఉంది. అసలు రంగేదో దాన్నిబట్టి తెలియదు. అప్పుడు కండక్టరమ్మ కుర్చీ నా పక్కకి లాక్కుని, తన చేతిని తెర పక్కన ఆనించింది. "మా ఇద్దరిదీ ఒకటే రంగు. చిన్నప్పుడు కవలలనేవాళ్ళు," అంది. గంటన్నర పాటు ఆ చెయ్యి చూస్తూ, మొహం చూస్తూ దిద్దాను. నలుపని ఒక్క ముక్కలో కొట్టిపారేసిన దాంట్లో ఇటుక ఎరుపుంది, వేళ్ళ కణుపుల దగ్గర ఇంకో రంగుంది. కనుబొమ కింద నిప్పురవ్వ పడి కాలిన మచ్చని కూడా మొదటిసారి తుడిచేశానట. ఆమె వేలితో చూపిస్తే ఈసారి అలాగే ఉంచాను.

"వీడే," అంది కండక్టరమ్మ. చాలాసేపు ఏడ్చింది. వెళ్ళేటప్పుడు నాకు థాంక్స్ చెప్పలేదు. నేనూ ఆశించలేదు.

ఆమె వెళ్ళాక మా అమ్మాయి నా పక్క కుర్చీలో కూర్చుంది. కంప్యూటర్లో దాని చిన్నప్పటి ఫొటోలు తెరిచింది. ఐదో పుట్టినరోజుది, తెర నిండా తెల్లటి బొమ్మలాంటి పిల్ల.

"నాదీ అలా చేసిస్తావా?"

నేను తెర మీది పిల్ల వంక చూశాను, పక్కనున్న దాని వంక చూశాను.

"ఏడో క్లాసు గ్రూపు ఫొటో మనమే తీశాం, గుర్తుందా? అందరినీ రెండు మెట్లు కడిగావు. నన్ను ఐదు. క్లాసంతా పగలబడి నవ్వింది. మీ అమ్మకే నువ్వు నచ్చలేదే అన్నారు."

"నిన్నెవరూ ఏమీ అనకూడదనే కదే..."

"ఎవరూ అనకముందే నువ్వన్నావమ్మా."

సిగ్గనుకున్నాను, పన్నెండేళ్ళు. అది పుట్టినప్పుడు చూడటానికొచ్చిన చుట్టాలు, ఒళ్ళోకి తీసుకోకుండానే, "ఎవరి పోలికే ఇది?" అన్నారు. అప్పుడు నేను తలొంచుకున్నాను. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని ఆ సంగతి దానికి చెప్పాను. "వాళ్ళ నోరు మూయించే దమ్ము లేక నీ మొహం మార్చుకుంటూ వచ్చానే. వాళ్ళ బుద్ధే నాకూ ఉంది. నాది కాదనుకున్నాను," అన్నాను.

అది కరిగిపోయి నన్ను వాటేసుకుంటుందని ఎక్కడో ఆశపడ్డాను, అబద్ధమెందుకు. మౌస్ నా వైపు జరిపింది.

"సరే. అప్పటి రంగు వెయ్యి."

మౌస్ పట్టుకున్నాను. కండక్టరమ్మ తన చేతిని పక్కన పెట్టింది. ఐదేళ్ళ చెయ్యి నేనెక్కడి నుంచి తేను? "నీ చెయ్యి చూసి వెయ్యనా?" అన్నాను.

"ఇది పన్నెండు నెలలూ ఎండలో తిరిగిన చెయ్యి. అప్పుడు రోజూ నాకు స్నానం చేయించింది నువ్వేగా. నీకు గుర్తుండాలి."

ఎడమ జబ్బ మీద టీకా మచ్చ గుర్తుంది. ఊడిన పన్ను ఏ వైపుదో గుర్తుంది. కుంకుడు రసం కళ్ళల్లో పడితే ఎలా గింజుకునేదో గుర్తుంది. రంగు మాత్రం ఎంత తవ్వినా రావడం లేదు. దాని వైపు చూసినప్పుడల్లా ఎన్ని మెట్లు లాగాలా అనే చూశాను తప్ప, ఎలా ఉందో చూడలేదు. ఏదో ఒక రంగు వేసి ఇదేనని నమ్మించగలను. నా చేతికి అదేమంత పని కాదు.

"గుర్తులేదే," అన్నాను.

"ఇవాళైనా నిజం చెప్పావు," అంది. ఆ మాటలో దెప్పిపొడుపు లేదు. ఫైలు మూసేసి, దుకాణం వెనక మా వంటింట్లోకి వెళ్ళి రెండు కప్పుల టీ పెట్టుకొచ్చింది. ఒకటి నా ముందు పెట్టింది. ఇద్దరం పక్కపక్కనే కూర్చుని తాగాం.

ఒకటో తారీఖున సామాను సర్దుకుంది. గుమ్మం దగ్గర అడిగాను: "నీ ఫొటో ఒకటి తియ్యనా? ఏమీ చెయ్యను. ఒట్టు."

బ్యాగు భుజానికెత్తుకుంది. "ఇప్పుడు కాదమ్మా," అంది. "కావాలంటే వెనక వీధిలో అడుగు, అతని దగ్గర ఉంటుంది."

బస్సెక్కించి వస్తూ వెనక వీధికి వెళ్ళాను. లోపల నలుగురున్నారు. వాళ్ళ పని అయ్యేదాకా బెంచీ మీద కూర్చుని, నా వంతు వచ్చాక, నా కూతురి ఫొటో ఒకటి కావాలండీ అని అడిగి తెచ్చుకున్నాను.