మెడ వెనక అక్షరం

ఆ కుట్టు ఫ్యాక్టరీలో ఆమెను అందరూ లేబులమ్మ అంటారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా పనికి రాలేదు. పదకొండేళ్లుగా ఆమె చేసే పని ఒక్కటే. తయారైన చొక్కా కాలరు లోపల బొటనవేలంత గుడ్డముక్క పెట్టి రెండు పక్కలా కుట్టెయ్యడం. ఆ ముక్క మీద ఒక బొమ్మ, బొమ్మ కింద ఒక అక్షరం ఉంటాయి. ఆ అక్షరం చూసుకుని ఎంతమంది ఆడవాళ్లు మురిసిపోతారో, ఎంతమంది అద్దం ముందు కళ్లనీళ్లు పెట్టుకుంటారో ఆమెకు తెలుసు. తెలిసే కుడుతుంది. పొట్టకూటి పని మరి.

ఫ్యాక్టరీ మూడు కంపెనీలకు కుడుతుంది. ఆ పేర్లకు నోరు తిరగదు గనక పనివాళ్లు బొమ్మలతోనే పిలుచుకుంటారు. ఆకు కంపెనీ, పిట్ట కంపెనీ, గొడుగు కంపెనీ. కటింగ్ బల్ల మీద గుడ్డను పొరలు పొరలుగా పరిచి, ఒకే అచ్చు పెట్టి, ఒకే కత్తి దింపుతారు. అలా వచ్చిన ఒకే కొలత చొక్కాకు ఆకు బొమ్మ తగిలిస్తే మీడియం, పిట్ట బొమ్మ తగిలిస్తే లార్జి, గొడుగు బొమ్మ తగిలిస్తే ఏకంగా స్మాల్. గొడుగువాళ్ల ధర ఎక్కువ. అంత పోసి కొనే ఆవిడకు మీరు సన్నజాజి తీగలా ఉన్నారమ్మా అని ఆ మాత్రం ముఖస్తుతి చెయ్యకపోతే ఎలా? పిట్టవాళ్లది ఇంకో తిక్క. తమ బట్టలు చీపురుపుల్లలకే పడతాయని పేరొస్తే గొప్పట. అందుకని మామూలు మనిషిని లార్జి చేసి కూర్చోబెట్టారు. తూకంలో రాయి మారిస్తే కూరగాయలవాణ్ణి నలుగురూ పట్టుకుని నిలదీస్తారు. వీళ్లు మాత్రం అద్దాల తలుపులు బిగించుకుని దొరల్లా అమ్ముకుంటారు.

ఇంతకీ లేబులమ్మ కూతురు వెళ్లి వెళ్లి ఆ పిట్ట కంపెనీ షోరూములోనే ఉద్యోగంలో పడింది. మూడు నెలలు చూసి, నచ్చితే ఖాయం చేస్తారు. కౌంటరు దగ్గర నిలబడే పిల్లలు ఆ కంపెనీ చొక్కాయే వేసుకోవాలి, అదీ మీడియం దాటకూడదు. మొదట లార్జి వేసుకున్నా ఊరుకుంటారు, మూడు నెలలు నిండేసరికి మాత్రం మీడియంలోకి దిగాలి. దిగనివాళ్లు ఇంటికి. ఈ చట్టం అమలు చేసే మేనేజరమ్మకు పిల్లలు కాలరు మేడం అని పేరు పెట్టారు. సోమవారం పొద్దున్నే వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరి కాలరూ వెనక్కి మడిచి అక్షరం చదువుతుంది. ఎదురుగా నిలువెత్తు మనిషి ఉంటే, ఆ మనిషిని వదిలేసి మెడ వెనక చదివే రకం.

కూతురికి లార్జి పట్టింది. ఇంకేముంది, తిండి మానేసింది. పొద్దున టీ, మధ్యాహ్నం ఒక పండు, సాయంత్రం నీళ్లు. లేబులమ్మ నచ్చజెప్పింది, తిట్టింది, బతిమాలింది. ఆ అక్షరం కుట్టేదాన్ని నేను, అది ఉత్త బూటకమే అంది. ఫ్యాక్టరీలో కూర్చునేదానివి నీకు ఫిట్టింగు గురించి ఏం తెలుసులే అని కూతురు విసుక్కుంది. చెప్పేవాళ్లు అమ్మలైతే పిల్లలకు మరీ లోకువ. మూడో వారం మెట్ల మీద కళ్లు తిరిగి పడి, మోకాలు చెక్కుకుపోయి ఇంటికొచ్చింది. ఆ గాయం కడుగుతుంటే లేబులమ్మకు భయం వేసింది. ఈ పిల్ల ఉద్యోగం ఖాయమయ్యేలోగా మనిషి మిగలదేమోనని నిజంగానే భయపడింది.

మర్నాడు ఫ్యాక్టరీలో గుండీ సరిగా పడక పక్కన పారేసిన పిట్ట చొక్కా ఒకటి అడిగి తెచ్చుకుంది. అది లార్జి. చెత్తబుట్టలో అంచు వంకరగా నేసిన పిట్ట మీడియం లేబుల్ దొరికింది. సాయంత్రం ఇంట్లో కూర్చుని పాతది విప్పి కొత్తది కుట్టేసింది. పదకొండేళ్ల చెయ్యి, ఎవరు చూసినా తేడా తెలియదు. "మా దగ్గర రిజెక్టులో మీడియం దొరికిందే, వేసి చూడు" అని కూతురి ఒళ్లో పడేసింది. చొక్కా చక్కగా సరిపోయింది. సరిపోక ఏం చేస్తుంది? కూతురు అద్దం ముందు అటు తిరిగి, ఇటు తిరిగి, అమ్మను వాటేసుకుని ఏడ్చింది. ఇక ఈ పీడ విరగడైందని లేబులమ్మ అనుకుంది.

సోమవారం కాలరు మేడం మీడియం చదివి, ఆ పిల్లను వరస ముందుకు పిలిచిందట. పట్టుదల అంటే ఇదీ, చూడండి నడుము ఎలా తీరిందో అని అందరికీ చూపించిందట. ఆ నడుము ఒక్క దారప్పోగంత కూడా తగ్గలేదు. అయినా మేడంగారి కంటికి తీరిపోయింది.

మీడియం వచ్చింది గదా, ఇక పిల్ల కడుపునిండా తింటుందని లేబులమ్మ ఆశపడి పళ్లెం ముందు పెట్టింది. కూతురు పక్కకు జరిపింది. ఇన్నాళ్లు నోరు కట్టుకుంటే ఒక మెట్టు దిగానుగా, ఇంకో నెల ఓర్చుకుంటే స్మాల్‌లోకి వెళ్తానంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. లేబులమ్మ పళ్లెం మీద మూత పెట్టింది. ఆ రోజే చెప్పేసి ఉండాల్సింది. ఎంత సంబరపడుతోందో చూసి చెప్పలేకపోయింది.

మూడు నెలలు రేపటితో నిండుతాయనగా, ఆదివారం సాయంత్రం కూతురు చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ సొట్టబుగ్గల పిల్ల కబురు ఎత్తింది. ఇద్దరూ ఒకే రోజు చేరారు, పక్కపక్క కౌంటర్లు. ఇంచుమించు ఒకే ఒడ్డూ పొడుగూ. ఆ పిల్ల ఇంకా లార్జిలోనే ఉంది.

"రేపు దాన్ని పంపించేస్తారులే" అంది కూతురు, ఇస్త్రీ పెట్టె మీంచి తల ఎత్తకుండా. "నోరు కట్టుకోవడం రాదు దానికి. ఆ లార్జి వేసుకుని నా పక్కన నిలబడితే నాకే సిగ్గుగా ఉంటుంది."

లేబులమ్మకు ఒళ్లు మండింది. గురివింద తన నలుపు ఎరగదంటారు, పాపం ఈ గురివిందకు నలుపు కనబడకుండా కుట్టేసింది తనే గదా. కాలరు మేడంను మోసం చేశాననుకుంది గాని, మోసపోయింది ఇంట్లో పిల్లే. పైగా చూస్తుండగానే ఇంకో కాలరు మేడం తయారవుతోంది.

"ఆ పెట్టె పక్కన పెట్టు" అంది. "నువ్వు వేసుకునేదీ లార్జే."

కూతురు నవ్వింది. లేబులమ్మ నవ్వలేదు. చొక్కా లాక్కుని, చిన్న కత్తెరతో లేబుల్ ఒక పక్క కుట్టు విప్పి చూపించింది. లోపల పాత కుట్టు పోయిన రంధ్రాలు వరసగా ఉన్నాయి. తర్వాత కూతురి లార్జి చొక్కా తెచ్చి, రెండింటినీ ఒకదాని మీద ఒకటి పరిచింది. భుజానికి భుజం, చంకకు చంక, అంచుకు అంచు, ఎక్కడా పిసరంత తేడా లేదు. అప్పుడు మొత్తం చెప్పింది, చెత్తబుట్టలో లేబుల్ ఏరుకున్న దగ్గర్నుంచి.

కూతురు రెండు కాలర్లూ వెనక్కి మడిచి మళ్లీ మళ్లీ చూసింది. చివరికి, ఆ పిల్లకు కూడా ఇంకో లేబుల్ కుట్టగలవా అని అడిగింది. ఇవాళ ఫ్యాక్టరీ సెలవు, రేపు పొద్దుటికి అందదని లేబులమ్మ చెప్పింది. ఊడిన పక్క మళ్లీ కుట్టి ఇచ్చింది. కూతురు చొక్కా తీసుకుని గదిలోకి వెళ్లిపోయింది. మర్నాడు అమ్మ లేచేసరికే వెళ్లిపోయింది కూడా.

సాయంత్రం తిరిగొచ్చినప్పుడు ఒంటి మీద చొక్కా అదే రంగు, అదే పిట్ట. లేబులమ్మ చెయ్యి అలవాటుగా కాలరు మీదికి పోయింది. లార్జి.

జరిగింది కూతురే చెప్పింది. పొద్దున్నే సొట్టబుగ్గల పిల్లను బట్టలు మార్చుకునే గదిలోకి లాక్కెళ్లి, ఏమీ చెప్పకుండా చొక్కాలు మార్పించిందట. కాలరు మేడం వరసగా వచ్చి, ముందు ఆ పిల్ల మెడ వెనక చదివి మెచ్చుకుందట. తర్వాత ఈ పిల్ల మెడ వెనక చదివి ముఖం చిట్లించిందట. వారంలోనే ఎంత ఒళ్లు చేశావు, బుగ్గలు కూడా ఊరాయి, ఇలాంటివాళ్లను కౌంటరు దగ్గర ఎలా నిలబెడతాను అందట.

"నువ్వేమన్నావే? నిజం చెప్పి ముఖం వాచేలా చీవాట్లు పెట్టాల్సింది" అంది లేబులమ్మ.

"చెప్తే దాన్నీ తీసేస్తారుగా. తిండి ఎక్కువైంది మేడం, తప్పు నాదేనన్నాను."

లేబులమ్మకు కోపం వచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఉద్యోగం పోయినందుకు తిట్టాలో, పిల్ల మనిషిగా తిరిగొచ్చినందుకు దగ్గరకు తీసుకోవాలో తెలియలేదు. ఆ పిల్లకు నువ్వు ఏమీ చెప్పలేదా అని అడిగింది.

"బయటికి వచ్చేటప్పుడు గేటు దాకా వచ్చింది. అప్పుడు చెప్పాను. రెండూ ఒకటేనని."

"సంతోషించిందా?"

"లేదమ్మా" అంది కూతురు. "గేటు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. రెండు నెలల నుంచీ అదీ తినడం లేదట."