గుర్తుదారం

తాను ప్రార్థనలో దేవుడితో మాట్లాడితే భక్తి అంటారు, తమ్ముడికి ఎవరో మాట్లాడినట్టు వినిపిస్తే జబ్బు అంటారు. ఈ రెంటికీ తేడా ఎక్కడుందన్న సందేహం లాండ్రీ నడిపే పెద్దాయనను ఏళ్ల తరబడి పీకుతూనే ఉంది. పైకి అడిగితే దేవుణ్ణి తక్కువ చేసినట్టవుతుందేమోనని భయం. అందుకని దాన్ని మడతపెట్టి లోపలే దాచుకున్నాడు.

తమ్ముడు ఇస్త్రీ చేస్తే కాలరు అట్టముక్కలా నిలిచేది. అలాంటివాడు ఇస్త్రీపెట్టె పట్టుకుంటే చాలు, "కాల్చేశావు, మళ్ళీ కాల్చేశావు" అని ఒక గొంతు వినిపించడం మొదలైంది. ఆ క్షణాన కౌంటరు దగ్గర ఎవరుంటే వాళ్ళే అన్నారని తేల్చేసుకునేవాడు. చివరికి బట్టలకొచ్చిన పోస్టుమాస్టరుతో తగువు పడి, షాపులో అడుగుపెట్టడమే మానేశాడు. డాక్టరు స్కిజోఫ్రినియా అన్నారు. మందులతో నిద్ర పట్టింది, తిండి సహించింది. గొంతు సన్నబడింది గానీ పోలేదు. ఇస్త్రీ బల్ల దగ్గర వేరే మనిషిని పెడితే తమ్ముడు ఇక తిరిగి రాడని పెద్దాయనకు తెలుసు.

"మీరు బెంగపెట్టుకు కూర్చుంటే బట్టలు వాటంతటవే మడత పడతాయా?" అంది భార్య. "మరిదిని నేను పొమ్మనడం లేదు. బల్ల ఖాళీగా ఉందంటున్నాను."

"నెలాఖరు దాకా ఆగవే."

"ఏ నెలాఖరు?"

 తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, వాడికి వినిపించే గొంతు ఎవరిదని పెద్దాయన అక్కడి సైకాలజిస్టునే అడిగాడు.

"మనసులో అందరం మాట్లాడుకుంటూనే ఉంటామండీ," అందామె. "ఆ మాట నాదే అన్న ఎరుక దాంతోపాటే వస్తుంది. మనకి మనమే చక్కిలిగిలి పెట్టుకుంటే నవ్వు రాదు కదా. చెయ్యి మనదేనని మనసుకి ముందే కబురు అందుతుంది. మీ తమ్ముడికి ఆ కబురు సరిగ్గా అందడం లేదని మా అంచనా. తన భయమే పరాయి గొంతులా వినిపిస్తోంది. జబ్బంతా దీంతోనే తేలిపోతుందని మాత్రం చెప్పను. మందులు ఆపకూడదు."

"వాడి మాట వాడికి తెలీకపోవడం ఏంటమ్మా?"

ఆమె ఇంకోసారి చెప్పింది. ఆయన తలాడించాడు గానీ, మనసుకి ఎక్కలేదు.

ఆ లాండ్రీలో ఒక్కో ఇంటికీ ఒక్కో రంగు దారం. బట్ట రాగానే కాలరు లోపల ఒక కుట్టు వేస్తారు. ఆ వారం బ్యాంకు గుమాస్తా ఉతికిన చొక్కా తెచ్చి కౌంటరు మీద పడేశాడు.

"ఇది నాది కాదండీ. నా ఎర్రదారం ఏదీ?"

"ఉతుకులో ఊడిపోయినట్టుంది. చొక్కా మీదే బాబూ. మోచేతి దగ్గర ఈ సిరా మరక మీరు పెట్టుకొచ్చిందే."

"సిరా ఊళ్ళో నా ఒక్కడికే ఉందా?"

"ఒకసారి తొడుక్కు చూడండి."

తొడుక్కున్నాడు. కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

"సరిపోతే నాదైపోతుందా? దారం లేదుగా," అని, ఒంటిమీదున్న సొంత చొక్కాను విప్పేసి, దులిపి మరీ వదిలేసి వెళ్ళాడు.

పెద్దాయనకు నవ్వొచ్చింది. మధ్యలో ఆ నవ్వు ఆగిపోయింది.

ఆ సాయంత్రం ప్రార్థనకు కూర్చుని తన మనసునే గమనించాడు. ఎప్పటిలాగే జవాబులాంటిది ఒకటి తోచింది, తన గొంతులోనే. ఆ గొంతును దేవుడు వాడుకున్నాడేమో తనకు తెలియదు. దాన్ని తేల్చే పని సైకాలజిస్టుకూ లేదు. కానీ ఎవరన్నారా అని తానేనాడూ వెనక్కి తిరిగి చూడలేదు. తమ్ముడు చూస్తున్నాడు, పాపం, తన చొక్కాకు తానే వేరే యజమానిని వెతుక్కుంటూ.

తెల్లారి గుమాస్తా సంగతి, దాంతోపాటు తనకు తోచిందీ తమ్ముడికి చెప్పాడు.

"అయితే నా బుర్రకి దారం కుడతావా ఏంటి?"

"నాకంత సూది ఎక్కడిదిరా. గొంతు వినగానే ఎవరన్నారని చూడకు. ముందు గుడ్డ చూడు."

"ఆసుపత్రిలో ఆవిడా అదే చెప్పింది. తొందరపడి తేల్చేయొద్దంది." లేచి, "చెప్పులెక్కడ పెట్టావు?" అన్నాడు.

ఇద్దరూ కలిసి షాపుకు వచ్చారు. పక్క కొట్టు దర్జీ అక్క చూసి గుమ్మంలోకొచ్చింది.

"ఏరా మరిచావా? నీ ప్యాంటు అంచు ఊరికే కుట్టిపెడితే నా కోటు ఇస్త్రీ చేస్తానన్నావు. ఆ ప్యాంటు చిరిగి మసిగుడ్డ కూడా అయిపోయుంటుంది, నా కోటు ఇంకా ముడతల్లోనే ఉంది."

తమ్ముడు అన్న వైపు చూశాడు. "తీసుకురా అక్కా."

కోటు ఒక చెయ్యి నునుపు చేశాడు. రెండో చేతి మీద పెట్టె ఆగిపోయింది. తల కౌంటరు వైపు తిరగబోయింది.

"అన్నా, గొంతు మళ్ళీ అంటోంది."

"గుడ్డ చూడు."

కోటు చెయ్యి ఎత్తి వెలుతురుకు పట్టాడు. ఎదర చూశాడు, తిప్పి వెనకా చూశాడు. "ఏం కాలేదు," అన్నాడు మెల్లగా, ఎవరికో కాకుండా తనకే చెప్పుకున్నట్టు. పెట్టె మళ్ళీ కదిలింది. ఆ గొంతు ఆగిందో లేదో అన్న అడగలేదు.

కోటు హ్యాంగరుకు తగిలించి అందించాడు. అక్క కాలరు తడిమి చూసింది.

"పనితనం పోలేదురా. సరే, నీకూ నాకూ చెల్లు," అని కోటు చేతిమీద వేసుకుని వెళ్ళింది.