నీళ్ళు ఎప్పుడు దిగుతాయి?

బస్సు ఇంకా స్పెయిన్‌లోని సంతియాగో పొలిమేర దాటనే లేదు, వెనక సీటులోని పెద్దాయన అడగకూడని ప్రశ్న అడిగేశాడు.

"అమ్మాయ్, ఇవాళ అక్కడ నీళ్ళు ఎప్పుడు దిగుతాయి?"

దోరిందా అద్దంలో వెనక సీటువైపు చూసింది. బస్సు నడిపేదీ ఆమే, చెవికి మైకు తగిలించుకుని తీరం కథలు చెప్పేదీ ఆమే. ఇన్నేళ్ళలో ఏ యాత్రికుడూ ఆమెను ఈ మాట అడగలేదు. చావుతీరమని పేరుపడ్డ ఆ సముద్రపొడ్డున పుట్టినవాళ్ళకు ఆటుపోట్ల సంగతి ఆకలి తెలిసినట్టు తెలుస్తుంది, అడగనక్కర్లేదు. చూసిపోయేవాళ్ళకు దానితో పనే లేదు. దీపస్తంభం పక్కన ఫోటో, మధ్యాహ్నం కడుపు నిండా ఆక్టోపస్ దొరికితే వాళ్ళకు చాలు. మరి తెలియకుండా, పని ఉండి అడిగేవాడెవడు? దొంగ. తీర్పు ముందే అయిపోయింది, విచారణ తర్వాతి సంగతి.

"ఎందుకండీ, ఈత కొడతారా?" అంది. ఆ వైపు మనుషులు ప్రశ్నకు జవాబు చెప్పరు, ఇంకో ప్రశ్న వేస్తారు.

"డిసెంబరు చలిలోనా! ఊరికే అడిగానమ్మా."

ఆ 'ఊరికే' ఆమెకు అస్సలు నచ్చలేదు.

పెద్దాయన పేరు హినేస్. మధ్యధరా సముద్రం ఒడ్డునున్న ముర్సియా నుంచి వచ్చాడు. మెడలో దుర్భిణి, కాళ్ళకు కొత్త రబ్బరు బూట్లు, ఒళ్ళో ఒక వలసంచి. రబ్బరు బూట్లు, వలసంచి! ఇంకా నయం, చేతిలో గునపం కూడా పట్టుకు రాలేదు.

దోరిందా భయం ఊరికే పుట్టింది కాదు. వాళ్ళ ఊరి కింద, సముద్రంలో కాకులబండ ఉంది. అలలు విరుచుకుపడే ఆ బండ పగుళ్ళలో పెర్సెబెలనే తినే గుల్లలు గుత్తులు గుత్తులుగా పెరుగుతాయి. చూపుకు ముసలి ఏనుగు గోళ్ళలా ఉంటాయి గానీ, క్రిస్మస్ రోజుల్లో వాటికి బంగారంతో పోటీ. అందుకే శరదృతువు మొదట్లోనే వాటిని కోసేవాళ్ళ సంఘం కాకులబండను మూసేసింది. పండుగ ముందు ఒకేరోజు అన్ని ఇళ్ళవాళ్ళూ కలిసి దిగాలి, అప్పటిదాకా వంతులవారీగా కాపలా కాయాలి. దొంగతనంగా దిగినవాడు సొంత మనిషైనా సరే, ఇక జన్మలో ఏ బండా ఎక్కనివ్వరు. ఈ ఏడాది తుఫాన్లు వదలకుండా కొట్టాయి. ఆమె భర్త ఎలాదియో బండ దిగిన రోజులకంటే కిటికీలోంచి సముద్రాన్ని తిట్టిన రోజులే ఎక్కువ. కాకులబండ పోతే ఆ ఇంటికి చలికాలం గడవదు.

దీపస్తంభం దగ్గర జనాన్ని ఫోటోలకు వదిలి, బస్సు చాటున ఫోను తీసింది.

"ఫిర్మినో బాబాయ్, ఇవాళ కాపలా నీదేగా?"

"కాక, రోములో పోపుగారిదా? ఈ గాలికి ఏ పిచ్చోడొస్తాడే! ఇంటికెళ్ళి ఇంత సూప్ తాగి పడుకుందామనుకుంటున్నా."

"వెళ్ళకు బాబాయ్, నీకు దణ్ణం పెడతా. నా బస్సులో ఒకడున్నాడు. నీళ్ళెప్పుడు దిగుతాయని అడుగుతున్నాడు."

గాలి హోరులో ఫిర్మినో గొంతు పెంచాడు.

"అడిగాడా? నోరు తెరిచి?"

"వలసంచి కూడా ఉంది. ముందు మనిషిని పంపి దారి చూసుకోవడం దొంగల పద్ధతేగా. వీడు చూసి చెబుతాడు, మిగతావాళ్ళు దిగుతారు."

"సరే, నీళ్ళు తీసేసరికి తుప్పల్లో కూచుంటా. మీ ఆయన్ని తోడు పంపుతావా?"

"పంటినొప్పని డాక్టరు కోసం కర్బాయో పట్నం వెళ్ళాడు. పాపం, రాత్రంతా దవడ పట్టుకుని మూలిగాడు."

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె కావాలనే హినేస్‌కు ఎదురుగా కూర్చుంది. వేరే ఊరి బండలవి, ఒక పళ్ళెం పెర్సెబెలు తెప్పించింది. ఉప్పునీళ్ళలో ఉడికించి, పొగలు కక్కుతుండగా బట్ట కప్పి తెచ్చారు. ఆయన ఒకటి తీసుకుని తప్పువైపు నుంచి కొరికాడు. రసం చిమ్మి దోరిందా జాకెట్టు మీద పడింది. తర్వాత వలసంచిలోంచి ఒక నిమ్మకాయ తీసి పళ్ళెం మీద పిండబోయాడు.

"అయ్యో అయ్యో, ఏం పనండీ అది!" హోటలావిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "దానికి సముద్రం చాలు, మీ పుల్లటికాయ ఎందుకు?"

బల్ల చుట్టూ అంతా నవ్వారు. హినేస్ కూడా నవ్వి, మా తోటవేనంటూ సంచిలోని నిమ్మకాయలు తలా ఒకటి పంచాడు. హోటలావిడకు రెండిచ్చాడు. నిజంగా దొంగైతే పెర్సెబె తినడం కూడా రాదా అని దోరిందాకు ఒక్కక్షణం తోచింది. కానీ అనుమానం పట్టినవాళ్ళకు కళ్ళ ముందున్నదే కనిపించదు. నటన, అనుకుంది. సంచి ఖాళీ చేస్తున్నాడు, ఎందుకు? నింపుకోవడానికి!

మామూలుగా అయితే భోజనాల తర్వాత బస్సు వెనక్కి తిరగాలి. ఆ రోజు దోరిందా కాకులబండ పైనున్న కొండకొమ్ముకు తిప్పింది. దొంగ ముఖం బండను చూసినప్పుడు ఎలా మారుతుందో తన కళ్ళతో చూడాలనుకుంది. దారిలో మైకు పట్టుకుని గట్టిగానే వినిపించింది. "ఇక్కడ దొంగలున్నారండీ. పక్కవాడి కంచంలో చెయ్యి పెట్టే రకం. దొరికితే మేము జాలి చూపించం." అద్దంలో చూస్తే పెద్దాయన తల ఊపుతూ శ్రద్ధగా వింటున్నాడు. ఎంత గుండె ధైర్యం!

బస్సు ఆగగానే హినేస్ అందరికంటే ముందు దిగి, గాలికి ఊగుతూ అంచువైపు నడిచాడు. దోరిందా వెంటపడింది.

"ఇటు రండి! ఏం వెతుకుతున్నారు మీరు?"

ఆయన వెనక్కి తిరిగాడు. కళ్ళు చెమర్చి ఉన్నాయి.

"నిజంగానే వెళ్ళిపోయిందమ్మా! పొద్దున దీపస్తంభం దగ్గర అంతెత్తు ఉన్న నీళ్ళు! మా సముద్రం ఎక్కడికీ పోదు, మంచం మీద ముసలమ్మలా ఉన్నచోటే ఉంటుంది. ఇక్కడ రోజూ వెళ్ళి వస్తుందని మా ఆవిడ పుస్తకాల్లో చదివి చెబితే, కోతలు కొయ్యకే అని నవ్వేవాణ్ణి. పోయింది మనిషి. అది చెప్పింది నిజమో కాదో ఒక్కసారి చూద్దామని వచ్చా. వాన పడుతుందని ఈ బూట్లు మా కోడలు కొనిచ్చింది."

దోరిందాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. పొద్దున్నించీ ఈ మనిషినా తను వేటాడింది? ముందు ఫిర్మినోకు ఫోను చేసి ఇంటికి పొమ్మని చెప్పాలి. జేబులో చెయ్యి పెట్టింది.

"కింద ఎవరో పని చేసుకుంటున్నారు," అన్నాడు హినేస్, దుర్భిణి ఆమెకిస్తూ. "ఆ చోట! ఒక్కడే! ఎంత ధైర్యమో చూడమ్మా."

చూసింది. ఒంటికి అతుక్కున్న నల్ల రబ్బరు సూటులో ఒక మనిషి బండ నడుముకు అంటుకుని గబగబా చెక్కుతున్నాడు. ముసుగులో ముఖం కనిపించలేదు. అవసరం కూడా లేకపోయింది. ఏళ్ళ తరబడి వీపు రుద్దిన మనిషిని ఆడది వెనకనుంచే పోల్చుకుంటుంది. పంటినొప్పి కర్బాయో వెళ్ళలేదు.

దుర్భిణి కొంచెం పక్కకు జరిగింది. తుప్పల్లోంచి ఫిర్మినో వంగి వంగి దిగుతున్నాడు. ఎలాదియోకు అటువైపు చూపు లేదు. ఇప్పుడు బస్సు హారను ఒక్కసారి మోగిస్తే చాలు, ఉలిక్కిపడి బండ వెనక సందులోకి జారిపోతాడు. ఎవరూ చూడనట్టే. దోరిందా బస్సువైపు రెండడుగులు వేసింది కూడా.

అప్పుడే దూరంగా నీళ్ళు లేచాయి. మిగతా వాటిలాంటి అల కాదది, వీపు పెంచుకుంటూ వస్తోంది. ఎలాదియో సముద్రానికి వీపు పెట్టి ఉన్నాడు. కాచి చెప్పే తోడు లేడు, దొంగపనికి తోడెవరొస్తారు? ఆ తీరంలో ఒకటే కట్టుబాటు కాలంతో మారలేదు. అలను చూసినవాళ్ళు అరవాలి. కింద ఉన్నది పగవాడైనా అరవాలి.

"అల! ఎలాదియో, అల వస్తోంది!"

గొంతు చీలిపోయేలా అరిచింది, పేరు పెట్టి మరీ. అతను తల ఎత్తకుండానే బండను కావలించుకున్నాడు. తెల్లటి నీళ్ళు అతణ్ణీ బండనూ కలిపి మింగేశాయి. బస్సు జనం కేకలు పెట్టారు. నీళ్ళు జారిపోయాక అతను అక్కడే ఉన్నాడు, దగ్గుతూ, బతికి.

ముసుగు వెనక్కి తోసి పైకి చూశాడు. అంచున నిలబడ్డ భార్యను పోల్చుకుని చెయ్యెత్తి ఊపాడు. ముఖమంతా నవ్వే. దేవుడే ఆమెను ఆ వేళకు అక్కడికి పంపాడనుకున్నాడు కాబోలు. ఫిర్మినోను అక్కడ కూర్చోబెట్టింది కూడా ఆవిడేనని అతనికి ఇంకా తెలియదు.

"ఎవరమ్మా అతను? మీకు తెలుసా?" అన్నాడు హినేస్.

"మా ఆయన," అంది దోరిందా.

కింద ఎలాదియో ఇంకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఫిర్మినో వెనకనుంచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు.