కన్నం చుట్టూ గీత

షెడ్డులో అందరూ అతన్ని కన్నాలోడు అనేవారు. చీకట్లో గోడలకు కన్నాలు వేసే రకమేమీ కాదు, పట్టపగలు ఫ్యాను కింద కూర్చుని కంప్యూటర్లో కన్నాలు గీసే రకం. రేకులు నొక్కి తలుపు బందులు చేసే ఆ కార్ఖానాలో, ప్రెస్సులను నడిపే సర్క్యూట్ బోర్డులన్నీ అతను గీసినవే. బోర్డును ఇనప పెట్టెలో బిగించాలంటే మూలల్లో స్క్రూలకు కన్నాలు ఉండాలి. ఒక్కో కన్నానికీ సాఫ్ట్‌వేర్‌లో ఒక బొమ్మ ఉంటుంది, దాన్ని ఫుట్‌ప్రింట్ అంటారు. పెద్ద విద్యేమీ కాదు, రెండు గుండ్రటి గీతలు. లోపలి గీత కన్నం వెడల్పు చెబుతుంది. బయటి గీత, అది దాటి కరెంటు పారే రాగి దారులు కన్నం దగ్గరికి రావద్దని చెబుతుంది. వచ్చాయో, స్క్రూ వాటిని తాకి ఇనప పెట్టెతో కలిపేస్తుంది.

సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన బొమ్మలు కన్నాలోడికి నచ్చలేదు. "ఇంతింత చోటు వదిలేస్తే దారులెక్కడ వెయ్యాలి, నా నెత్తి మీదా?" అని విసుక్కుని సొంత బొమ్మ చేసుకున్నాడు. స్క్రూ తలను కొలిచి, బయటి గీతను సరిగ్గా దాని అంచు దగ్గరే గీశాడు. మిగిలిన సందులోంచి కుడి బటన్ తాలూకు రాగి దారి హాయిగా దూరింది. ఆ పనితనం చూసుకుని తెగ మురిసిపోయాడు, ఇంటికెళ్ళి పెళ్ళానికి కూడా చెప్పాడు. మన తెలివి మీద మనకే ముద్దొచ్చినప్పుడు ముప్పు గుమ్మంలోనే ఉంటుంది, కానీ ఆ ముద్దులో చెవులు పనిచేయవు.

ప్రెస్సు ముందు రెండు బటన్లుంటాయి, చేతికొకటి. రెండూ కలిపి నొక్కితేనే పైనున్న ఇనప దిమ్మె దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీదుంటే దిమ్మె కింద ఏ చెయ్యీ ఉండదు, చిన్నపిల్లలకైనా తెలిసే లెక్క. ఆ లెక్కను నమ్మే, ప్రెస్సు నడిపే అతని బావమరిది ఎడమ అరచేత్తో బటన్‌ను నొక్కి ఉంచి, కుడిచేత్తో రేకు సర్దుకునేవాడు. రోజూ అలాగే సర్దేవాడు. ఆ ఉదయమూ అలాగే సర్దాడు. దిమ్మె దిగింది.

కేక మేడ మీది ఆఫీసు దాకా వినిపించింది. కన్నాలోడు మెట్లు దూకి వచ్చేసరికి దిమ్మె తన పని ముగించుకుని పైకి లేస్తోంది. బావమరిది చెయ్యి మాత్రం రేకుకు అంటుకుపోయి ఉంది. వేళ్ళేవో రేకేదో తెలియడం లేదు. నెత్తురు యంత్రం నూనెలో కలిసి నల్లగా కారుతోంది. పక్క ప్రెస్సు వాడు గోడవైపు తిరిగి కక్కుకున్నాడు. "తియ్యి బావా... తియ్యి బావా..." అంటూనే ఉన్నాడు బావమరిది, ముల్లు దిగిన పిల్లాడిలా. కన్నాలోడే తీశాడు. తీస్తుంటే అతని చేతుల్లోకి ఏమొచ్చిందో ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు.

అంబులెన్సు వెళ్ళిపోయింది. దాని వెనకే జనమూ వెళ్ళిపోయారు. కన్నాలోడు ఒక్కడే మిగిలి ప్రెస్సు పక్కనున్న ఇనప పెట్టె తెరిచాడు.

మూల స్క్రూ కింద ఒక వాషరు ఉంది. స్క్రూ తల కన్నా వెడల్పైన మామూలు ఇనప బిళ్ళ. ప్రెస్సు అదురుకు అది ఒరుసుకుని ఒరుసుకుని, బోర్డు మీది ఆకుపచ్చ పూత అరిగి, కింద రాగి బయటపడింది. సరిగ్గా కుడి బటన్ దారి. వాషరు దాన్ని పెట్టెతో కలిపేసింది; బటన్ నొక్కినా ఆ దారి కలిసేది పెట్టెతోనే. కుడి బటన్‌ను ఎవరూ ముట్టుకోకపోయినా, బోర్డు లెక్కలో అది నొక్కే ఉంది.

ఆ వాషరు ఎవరు వేశారో అతనికి అడగకుండానే తెలుసు. షెడ్డుకు ఫిట్టరు అతని మామ, అంటే ఆ చెయ్యి పోయినవాడి కన్నతండ్రి. అదురుకు స్క్రూ వదులవుతోందని మొన్ననే గొణిగాడు. వదులైన స్క్రూకు వాషరు వెయ్యని ఫిట్టరు లోకంలో లేడు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు బయటి గీతను అంత దూరం ఎందుకు గీశారో కన్నాలోడికి అప్పుడు తెలిసింది. అతను దండగ అనుకున్న ఆ చోటు వాషరుది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. వాషరు తీసి జేబులో వేసుకుని, స్క్రూ ఒక్కటే బిగించి, ఎడమ బటన్ నొక్కి చూశాడు. దిమ్మె కదల్లేదు. మోటారు ఆపి, మేడెక్కి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

మధ్యాహ్నం మామ ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చాడు. చేతిలో పెద్ద పానా ఉంది.

"మోచేతి దాకా తీసేశారు," అన్నాడు గుమ్మంలోనే. "కుడి బటన్ ముట్టకుండానే దిగిందట. అంటే యంత్రం మంచిదే. నీ బోర్డే ఒరేయ్, తప్పు చేసింది!"

అల్లుణ్ణి ఏనాడూ ఒరేయ్ అనని మనిషి. కన్నాలోడు నోరు తెరిచేలోపు పానా భుజం మీద పడింది. కుర్చీతో సహా పడిపోయాడు. మామ పక్కటెముకల్లో తన్నాడు, జుట్టు పట్టి లేపి ముఖాన్ని గోడకేసి కొట్టాడు. ముక్కు పగిలింది. "ఈ చేత్తోనేగా గీశావు? ఈ చేత్తోనేగా!" అంటూ కుడిచేతిని బల్ల మీద పరిచి, మోకాలితో మణికట్టును అదిమిపెట్టి పానా ఎత్తాడు. మొదటి దెబ్బకు మౌసు ముక్కలైంది. రెండోది వేళ్ళ మీద పడింది. ఎండు పుల్ల విరిగిన చప్పుడు. మూడోదీ అక్కడే పడింది.

కన్నాలోడికి కళ్ళు తిరిగాయి. నొప్పి వెనకే కోపం వచ్చింది, ఒళ్ళంతా పాకే పచ్చి కోపం. ఎడమచేత్తో జేబు తడిమి వాషరును బల్ల మీద విసిరాడు.

"ఇదెవరు వేశారు? చెప్పు! నా బోర్డు మీద ఇదెవరు వేశారు?"

నిజం తెలియాలని కాదు అతను ఆ మాట అన్నది. తిరిగి కొట్టాలని అన్నాడు. అతని చేతిలో పానా లేదు, ఇదొక్కటే ఉంది.

మామ వాషరును తీసి వెలుతురుకు పట్టి చూశాడు. అంచున రాగి మెరుస్తోంది. నలభై యంత్రాల జబ్బులు చూపుతోనే చెప్పే మనిషికి ఇక వివరించనక్కర్లేదు. పానాను నెమ్మదిగా బల్ల మీద పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

కన్నాలోడు పగిలిన ముక్కు తుడుచుకుంటూ ఉండగా కింద మోటారు మోత మొదలైంది. అప్పుడు అర్థమై, పడుతూ లేస్తూ దిగాడు.

మామ కుడిచేతిని దిమ్మె కింద పెట్టి ఉన్నాడు. కొడుకు నెత్తురు ఇంకా కడగని చోటే పెట్టాడు. ఎడమ అరచేత్తో బటన్ నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు. పిడికిలితో గుద్దాడు.

"దిగవేమే! వాడికి దిగావుగా, నాకు దిగవేం?" అని యంత్రాన్ని బూతులు తిట్టాడు. అల్లుణ్ణి చూసి ఆగాడు. "వాషరు తీసేశావు కదూ."

"తీసేశాను మామా. చెయ్యి బయటికి తియ్యండి."

"అయితే కుడిది నువ్వు నొక్కు అల్లుడూ. నాకు రెండో చెయ్యి లేదు."

కన్నాలోడు కుడి బటన్ దగ్గరికి నడిచాడు. విరిగిన వేళ్ళు అప్పటికే ఉబ్బి నల్లబడ్డాయి, గుండె కొట్టుకున్నప్పుడల్లా అవీ కొట్టుకుంటున్నాయి. ఎడమ అరచేతిని బటన్ మీద పెట్టాడు. నొక్కాలనిపించింది. దాచడానికేమీ లేదు, నిండా నొక్కాలనిపించింది. తన వేళ్ళకు బదులు ఆ వేళ్ళు నలిగితే ఎంత హాయి! బటన్ సగం దాకా దిగింది. మామ కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి మాత్రం కదల్లేదు.

తియ్యి బావా, అన్న ఉదయపు గొంతు చెవిలో మోగింది.

అతను బటన్ వదిలేసి, పక్కనున్న ఎర్ర మీటను విరిగిన చేత్తోనే గుద్దాడు. ఆ చెయ్యే దగ్గరగా ఉంది మరి. మోటారు ఆగిపోయింది. అతని అరుపు ఖాళీ షెడ్డంతా తిరిగి వచ్చింది. ఎడమచేత్తో మామ మణికట్టు పట్టుకుని దిమ్మె కింద నుంచి బయటికి లాగాడు. ఇద్దరూ నూనెలో, నెత్తుట్లో చతికిలబడ్డారు.

మామే ముందు అన్నాడు: "నొక్కబోయావు."

"అవును."

మామ తల ఊపాడు. మెడలోని తువ్వాలు తీసి అల్లుడి వేళ్ళను ఒక్కొక్కటే సరిచేసి, స్కేలు ముక్క పెట్టి కట్టాడు. చెయ్యి విరిచినవాళ్ళే కట్టు కట్టడం ఎక్కడైనా ఉందో లేదో గానీ, ఫిట్టరు కట్టు గట్టిగానే ఉంది. కట్టేంతసేపూ ఏడుస్తూనే ఉన్నాడు.

"స్క్రూ వదులైతే నేను వాషరు వెయ్యకుండా ఉండలేను," అన్నాడు చివరికి. "నా చేతులకు అదే అలవాటు. నువ్వే ఆ గీత పెద్దది చెయ్యి."

"చేస్తాను. ఎడమచేత్తో గీయాలి మామా, టైం పడుతుంది."

"వాడూ ఇక అన్నీ దాంతోనే చెయ్యాలి," అన్నాడు మామ.