నల్లబడిన వల

వల నల్లగా వచ్చింది.

ఎర్రయ్య దాన్ని కర్రతో కొప్పెరలోంచి పైకెత్తి పట్టుకున్నాడు. ఇటుక రంగులో రావలసిన నూలు వల కాకి రెక్కలా ఉంది. కారుతున్న నీళ్లు కూడా నలుపే. కిందటేడు ఇదే రాగి కొప్పెరలో, ఇదే తుమ్మ చెక్కతో వండిన వల ఎంత ఎర్రగా వచ్చిందో మా ఇద్దరికీ గుర్తుంది.

"ఇదేటి బావా?" అన్నాడు.

తెలియదు అని ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ అనకాపల్లిలో ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు బాటనీ చెప్పినవాణ్ణి. తెలియదు అనడం అలవాటు తప్పిపోయింది.

"చెక్క నీళ్లకి ఇనుము తగిలితేనే నల్లబడతాయి. లాబ్‌లో ఏటేటా చేయించేవాణ్ణి. రాగికి నల్లబడవు," అన్నాను.

"మన కొప్పెర రాగే కదా?"

"మనది రాగే."

ఇద్దరం ఒకేసారి కొప్పెర అడుగు వైపు చూశాం. ఆ నల్ల నీళ్ల కింద రెండు అరచేతులంత కొత్త అతుకు ఉంది. దాని మీద తెల్లగా కళాయి పూత. పూత కింద ఏముందో పైకి కనపడదు.

ఆ అతుకు వేయించుకొచ్చింది నేనే.

ఎర్రయ్య నా భార్య నూకరత్నానికి అన్న. వాళ్లది రాజయ్యపేట. ఆమె పోయి మూడేళ్లయినా ఆ ఇంటివాళ్లు నన్ను అల్లుడిగానే చూస్తారు. వెళ్లినప్పుడు చేప తలకాయ నా కంచంలోనే పడుతుంది. అడగకుండా జరిగే ఇలాంటివే ఈ వయసులో నన్ను నిలబెడుతున్నాయి.

ఇప్పుడు వల వండే పని ఎవరికీ లేదు. నైలాన్ వలకు అక్కర్లేదు. నూలు వలల కాలంలో ఉప్పునీటికి దారం చివికిపోకుండా, తుమ్మ చెక్క ఉడికించిన నీళ్లలో వలను రాత్రంతా నానబెట్టేవారు. దాన్నే వల వండటం అనేవారు. ఐదిళ్లకు ఒకటే కొప్పెర. ఆ ఐదిళ్లవాళ్లూ దాన్ని మా మామగారి పెరట్లోనే ఉంచారు. ఇప్పుడు ఏడాదికొకసారి, వేట నిషేధం ముగిసే ముందు, చాపంత నూలు వల ఒకటి అల్లి, వండి, మొదటి బోటు కదిలే రోజున గంగమ్మ పేరు చెప్పి సముద్రంలో వదులుతారు. అది మా అత్త కాసులమ్మ పట్టు. ఎనభై అయిదేళ్లు ఆమెకి.

ఈసారి కొప్పెరకి చిల్లి పడింది. "అనకాపల్లిలో నాకు తెలిసినవాడున్నాడు, నేను పూచీ," అని ఐదిళ్లవాళ్ల ముందు చెప్పి, ఆటోలో వేయించుకుని వెళ్లి కళాయి వేసే మౌలాలికి ఇచ్చాను.

"మాష్టారి దోస్తు మాష్టార్నే ముంచేసేడన్నమాట," అన్నాడు ఎర్రయ్య. "మంచి రాగి కోసేసుకుని, ఇనప రేకేసి, పైన పూత పూసేసేడు. అవునా?"

కాదు అని నోటిదాకా వచ్చింది. దాని బదులు ఇంకో మాట వచ్చింది.

"ఆ రోజు నన్ను చూడనివ్వలేదు. తెర దించేశాడు," అన్నాను.

ఆ తెర సంగతి నాలుగు రోజులుగా నా మనసులో ముల్లులా ఉంది. నలభై ఏళ్లుగా మౌలాలి దుకాణంలో పీట వేసుకుని అతని పని చూసినవాణ్ణి. వేడి గిన్నెలో తగరం వేసి దూదితో ఒక్క చుట్టు తిప్పితే లోపల వెన్నెల పరిచినట్టయ్యేది. ఈసారి మాత్రం లోపలి గదికి గోనె పట్టా వేలాడుతోంది. "సాయంత్రం రండి మాష్టారూ, ఇక్కడ పొగ," అన్నాడు. నా కళ్లలోకి చూడలేదు. చేతులు తుండుగుడ్డలో చుట్టుకుని కూర్చున్నాడు. పొగ నాకెప్పుడు కొత్త?

"తెరా?" అన్నాడు ఎర్రయ్య. వలను ఇసకలోకి విసిరేశాడు. "ఎల్లుండి ఆదివారం వల వదల్డానికి ఐదిళ్లవోళ్లూ వత్తారు బావా. ఆళ్ల ముందర సెప్పక నాకు తప్పదు. పెళ్లి గుండిగలన్నీ ఆ ముసలోడికే అప్పసెప్తన్నాం కదా. ఈ పేటనుంచి ఒక్క గిన్ని ఆడి గుమ్మం తొక్కితే ఒట్టు."

అతను ఊరికే అనడం లేదు. మౌలాలి బతుకు ఇప్పుడు ఈ తీరం ఊళ్ల పెళ్లి గుండిగల మీదే నడుస్తోంది. పట్నంలో అందరివీ స్టీలు గిన్నెలే.

"రేపు సాయంత్రం దాకా ఆగు బావా. నేను వెళ్లి కనుక్కుంటాను," అన్నాను.

వీధి అరుగు మీద కాసులమ్మ కూర్చుని ఉంది. కంటికి ఆపరేషన్ అయింది. కట్టు ఆదివారం పొద్దున్న విప్పుతారు. పొగ తగలకూడదని ఆమెను ఈ రెండు రోజులూ పెరటి వైపు రానివ్వలేదు. నా అడుగుల చప్పుడు పోల్చుకుంది.

"అల్లుడు బాబూ, ఎలాగొచ్చింది ఎరుపు?"

గుమ్మంలో నిలబడిన దేముడమ్మ, ఎర్రయ్య భార్య, నాకు వద్దని చెయ్యి ఊపింది. కంట నీరు పెడితే కుట్లు తెగుతాయని ఆమె భయం.

"ఇంకా ఆరలేదత్తా," అన్నాను.

"కట్టిప్పేక ముందర దాన్నే సూత్తాను. మీ మామ కాలంలో ఇసక కనపడేది కాదు బాబూ, ఈ సివర్నుంచి ఆ సివరికి ఎర్ర వలలే. పడవలు కూడా ఇప్పట్లాగ కాదు. కొబ్బరి తాడుతో కుట్టిన పడవలు. ఒక్క మేకుండేది కాదు. అలొచ్చి కొడితే పడవ వంగీది, లేచీది. వల వండిన రోజు కత్తిపీట కూడా పెరట్లోకి రానిచ్చేవోళ్లం కాదు."

ఆమె చెబుతూనే ఉంది. నేను సరిగా వినలేదు. నా మనసు నలభై ఏళ్ల కిందటి ఆ ఇసక మీదికి వెళ్లింది. పెళ్లిచూపులకు వచ్చిన రోజు దూరం నుంచి ఆ ఎర్ర వలలను చూసి చీరలు ఆరేశారనుకున్నాను. పెళ్లికూతురి అరచేతులు ఎర్రగా ఉంటే గోరింటాకు బాగా పండిందన్నాను. నూకరత్నం తల వంచుకునే నవ్వింది. "గోరింటాకు కాదు, వల," అంది. అది ఆమె నాతో అన్న మొదటి మాట.

మర్నాడు పొద్దున్నే మౌలాలి దుకాణానికి వెళ్లాను. దారి పొడవునా అడగవలసిన ప్రశ్నలు పేర్చుకున్నాను. కానీ దుకాణం మెట్ల దగ్గర నాకు వేరే సంగతి గుర్తొచ్చింది. నూకరత్నం పోయిన నెలకు మౌలాలి మా ఇంటికి వచ్చి, వంటింట్లో చిలుం పట్టిన రెండు ఇత్తడి గిన్నెలు తనే తీసుకెళ్లి కళాయి వేసి తెచ్చాడు. "ఇక మీరే వండుకోవాలి కదా మాష్టారూ," అన్నాడు. ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. ఆ గిన్నెల్లోనే ఇప్పటికీ చారు కాచుకుంటున్నాను. అలాంటి మనిషి మోసం చేస్తాడా? చేయడని మనసంటోంది. మరి తెర ఎందుకు?

తెర ఈరోజూ దించే ఉంది. దాని వెనకనుంచి సుత్తి చప్పుడు వస్తోంది. మౌలాలి మాత్రం బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

లోపల ఎవరు?

"రండి మాష్టారూ," అన్నాడు. సుత్తి ఆగింది.

టీ వచ్చింది. నేను గ్లాసు అందుకున్నాను. అతను అందుకోలేదు. టీ చల్లారిపోతున్నా చేతులు తుండుగుడ్డలోంచి తీయలేదు.

"తాగవేం?"

"తాగుతాను."

"వల నల్లగా వచ్చింది మౌలాలీ. ఇనుము తగలకుండా ఆ నలుపు రాదు."

"మీరు టీకి రాలేదన్నమాట. అడగడానికొచ్చేరు," అన్నాడు.

"అడగడానికే వచ్చాను."

అతను తుండు తీశాడు. రెండు చేతులతో గ్లాసు పట్టుకున్నాడు. గ్లాసు పెదవుల దాకా చేరలేదు. టీ సగం లుంగీ మీద పడింది. ఆ చేతులు ఎండుటాకుల్లా ఆడుతున్నాయి.

"ఏడాదైంది," అన్నాడు. "మందులు మింగుతున్నాను. తగ్గేది కాదంట."

గోనె పట్టా పక్కకు తొలగింది. మౌలాలి కూతురు యుస్రా చేతిలో సుత్తితో నిలబడి ఉంది. డిగ్రీ చదివిన పిల్ల. ముఖాన మసి.

"అతుకు నేనేసేను సార్. అబ్బా పక్కన కూర్చుని చెప్పేరు, నేను చేసేను. రాగి మీద రాగే వేసేను."

"అరె, లోపలికెళ్లు నువ్వు!"

"ఏంటి అబ్బా, వెళ్లేది? సార్ మిమ్మల్ని దొంగ అనుకుంటున్నారు. మీరేమో చేతులు దాచుకుంటున్నారు."

నేను తల దించుకున్నాను. యుస్రా మూలనున్న డబ్బాలోంచి పాత స్పీకరు అయస్కాంతం ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. అరచేతినిండా ఉంది. పాత రాగి కొనేటప్పుడు ఇనుము కలిసిందో లేదో వాళ్లు దాంతోనే చూస్తారట.

"అతుకు మీద పెట్టి చూడండి సార్. అంటుకుంటే నేనే వచ్చి ఐదిళ్లవాళ్లకీ చెప్తాను. అంటుకోకపోతే నీళ్లలో వెతకండి. ఇనుము లేకుండా నలుపు రాదని మీరే కదా అంటున్నారు."

లేవబోతుంటే మౌలాలి నా మోకాలి మీద చెయ్యి వేశాడు. అది నా మోకాలి మీద కూడా వణికింది.

"తెర సంగతి ఎవరికీ చెప్పకండి మాష్టారూ. నా చేతులు పోయేయని తెలిస్తే గుండిగలు రావు. పిల్ల చేస్తోందంటే అసలే రావు. ఇంకో రెండేళ్లు ఆగితే దాని పని చూసి వాళ్లే దాన్ని వెతుక్కుంటారు."

చెప్పనన్నాను. తెర మాట అప్పటికే ఎర్రయ్య చెవిన వేశానని మాత్రం చెప్పలేకపోయాను.

నక్కపల్లి దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో. ఒడిలో అయస్కాంతం. చేరేసరికి రెండు దాటింది. ఎర్రయ్య పెరట్లో చిరిగిన వల బాగుచేసుకుంటున్నాడు.

"ఒప్పుకున్నాడేటి?"

నేను జవాబివ్వకుండా అయస్కాంతానికి తాడు కట్టాను. కొప్పెరలో నీళ్లు ఇంకా అలాగే ఉన్నాయి, సిరాలా. వంగి, చెయ్యి ముంచి, అతుకు వెతికి దాని మీద అయస్కాంతం ఆనించాను. జారిపోయింది. మళ్లీ పెట్టాను. మళ్లీ జారింది.

"నువ్వు పెట్టి చూడు బావా."

ఎర్రయ్య పెట్టాడు. నాలుగు మూలలా పెట్టాడు. "అంటుకోదేటి?" అన్నాడు. గొంతులో నిరాశలాంటిది ఉంది.

నేను తాడు పట్టుకుని అడుగంతా మెల్లగా తిప్పాను. ఒక చోట టక్కుమంది. తాడు బరువెక్కింది. పైకి లాగితే నల్లటి చెక్క పిప్పిలోంచి రెండు గుర్రపు నాడాలు వచ్చాయి. తుప్పు పట్టి, నల్లదారంతో జోడుగా కట్టి ఉన్నాయి. దారానికి ఉడికిపోయిన ఎండుమిరపకాయ ఒకటి.

ఎర్రయ్య వాటిని గుర్తుపట్టినట్టున్నాడు. నా వైపు కాక ఇంటి వైపు చూశాడు.

"దేముడూ! ఇలాగ్రా!"

దేముడమ్మ వచ్చింది. అయస్కాంతానికి వేలాడుతున్న నాడాలు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గుమ్మానికున్నయ్యి నువ్వేనేటి తీసేవు?"

"నానే. కొప్పెర ఎవుడి సేతుల్లోకో ఎల్లొచ్చింది. దిష్టో గాలో తగిలుంటదని అనుమానమేసింది. బతుకులన్నీ నీళ్ల మీద కదా మనియ్యి. అడుగున ఏసీసేను. ఎవులికైనా సెప్తే పన్జెయ్యదంటారు, అందుకే సెప్పలేదు." ఆమె నా వైపు తిరిగింది. "నాకేటి తెలుసన్నయ్యా నల్లబడతాదని? నాను కాపరానికొచ్చేక ముట్టుకున్నవన్నీ నైలాన్ వలలే."

ఆమెను ఏమంటాం? పరాయి చెయ్యి తగిలిందని ఆమె కొప్పెరలో ఇనుము వేసింది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన నేను ఇంతకంటే మంచి పని చేశానా?

"నిన్న నేనన్న మాట తప్పు బావా," అన్నాను. "తెర నిజంగా పొగ కోసమే. వయసు మీద పడింది కదా, కస్టమర్లకి దగ్గొస్తోందని వేశాడు." అబద్ధం అంత సులువుగా వస్తుందని అనుకోలేదు.

ఎర్రయ్య నాడాలను అయస్కాంతం నుంచి విడదీసి గోడ అవతలికి విసిరాడు. "ఎవులికీ సెప్పలేదులే ఇంకా," అన్నాడు. "నువ్వు ఆగమన్నావని ఆగేను."

ఆదివారం కట్టు విప్పారు. కాసులమ్మ కళ్లు చికిలించి మా ముఖాలు ఒక్కొక్కటే చూసి, వల తెమ్మంది. తేక తప్పలేదు. నల్లటి వలను వేళ్లతో నలిపి, వాసన చూసి, "ఇనుం పడింది," అంది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

దేముడమ్మ జరిగిందంతా చెప్పింది.

"నన్నడగొచ్చు కదే," అంది ముసలామె. "కళ్లకి కట్టు కట్టేరు గానీ నోటికి కట్టలేదు కదా. రెండు రోజులు అరుగు మీద కూకుని మేకుల్లేని పడవ గురించి, పెరట్లోకి రానియ్యని కత్తిపీట గురించి గొంతు పోయేలాగ సెప్పేను. ఒక్కరైనా యిన్నారా?"

ఇంకో వల అల్లే వ్యవధి లేదు. ఐదిళ్లవాళ్లూ వచ్చారు. నలుపేంటని అడిగితే, "నాడాలు పడ్డాయి, మాదే తప్పు," అని ఎర్రయ్యే చెప్పాడు. ఆ నల్ల వలనే గంగమ్మకు వదిలారు. అలల మీద కాసేపు తేలి, మునిగింది.

తర్వాతి వారం ఎర్రయ్య అనకాపల్లి వచ్చాడు. ఆటోలో పెళ్లి గుండిగ, మనిషి కూర్చునేంతది. ఇద్దరం దింపి మౌలాలి గుమ్మంలో పెట్టాం. మౌలాలి చేతులు తుండుగుడ్డలో చుట్టుకుని, "సాయంత్రం రండి," అన్నాడు. గోనె పట్టా దిగింది.

ఎర్రయ్య నా మోచేతిని పొడిచాడు. "మళ్లీ తెరేసేసేడు సూడు బావా. ఓపాలి తొంగి సూద్దామేటి?"

"పొగ," అన్నాను. "రా, టీ తాగుదాం."

రోడ్డు దాటి, దుకాణం వైపు వీపు పెట్టి బెంచీ మీద కూర్చున్నాం. వెనకనుంచి సుత్తి చప్పుడు మొదలైంది. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఎడం ఎక్కడా తేడా రాలేదు.

"ముసలోడైనా సెయ్యి సూడు, ఎంత నిబ్బరవో," అన్నాడు ఎర్రయ్య.

"అవును బావా," అన్నాను. "మంచి చెయ్యి."