సిద్దమ్మ అని రాయి

సలోమి మెదక్‌లో చర్చి వెనక వాడలో కిరాయికి ఉంటుంది. ఓ ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతుంది. దయ్యాల కథలంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి. కొత్తగా కథలు రాసేవాళ్ల కోసం ఈ ఎండాకాలం చిన్న పుస్తకం అచ్చువేసింది. పరకాయప్రవేశం అంటే ఏమిటి, కథలో తాయెత్తు ఏ పని చేస్తుంది, క్షుద్రపూజ సన్నివేశం ఎక్కడ తేలిపోతుంది, అన్నీ అక్షరక్రమంలో. అట్ట మీద కుంకుమ పూసిన నిమ్మకాయ బొమ్మ. ఆ బొమ్మే కొంప ముంచింది.

ఇంటి ఓనరు రఘుపతి భార్య యశోదకు కుడిచెయ్యి మొద్దుబారింది. కిరాయికున్న టీచరమ్మ బాణామతి బుక్కు రాసిందని ఎవరో రఘుపతి చెవిన వేశారు. ఆదివారం ఆరాధన అయ్యాక సలోమి ఇంటికొచ్చేసరికి గేటు ముందర జనం. రఘుపతి చేతిలో ఆ పుస్తకం.

"మేడం, గిది మా ఆమె ముంగట కాలవెట్టుండ్రి. పొద్దుగూకేసరికి ఇల్లు ఖాళీ చెయ్యుండ్రి."

సలోమి అతని చేతిలోంచి పుస్తకం లాక్కుని, పేజీ తీసి, వాడంతా వినేలా చదివింది.

"బాణామతి: మంత్రంతో మనిషిని జబ్బుపాలు చెయ్యొచ్చన్న నమ్మకం. జబ్బుకు కారణం దొరకనప్పుడల్లా కథలో దీన్ని తెచ్చి ఒంటరి ఆడమనిషి నెత్తిన పెడతారు. రాసే ముందు ఆలోచించు. ఆమెకు వెనకాముందూ నలుగురుంటే ఈ నింద వేసేవాడివేనా?"

"నీ సదువు మాకెందుకు? కాలవెడ్తవా లేదా?" రఘుపతి మర్యాద వదిలేశాడు.

"పెట్ట. ఖాళీ గూడ చెయ్య. ఏం జేస్కుంటవో చేస్కో అన్నా."

ఒకడు ముందుకు దూకబోయాడు. వాడలో కూరగాయలమ్మే సిద్దమ్మ గంప దించి అతనికి అడ్డం నిలబడింది. నోరు తెరిచి చూపించింది. ముందరి పళ్లు లేవు.

"సూడుండ్రి. మా ఊర్ల గిట్లనే గుమిగూడిండ్రు. ఎవరిదో బర్రె సస్తె నేనే బాణామతి చేసిననని నా పండ్లు రాలగొట్టిండ్రు. నేను నోరు మూస్కొని ఊరిడిసిన. మూస్కున్నదంటె నిజమే అన్నరు. గీ బిడ్డ మూస్కోదు. మీద చెయ్యేస్తె ముందు నా మీద ఏయుండ్రి."

అప్పుడు యశోద బయటికొచ్చింది, మొద్దుబారిన చేతిని ఎడమచేత్తో పట్టుకుని.

"చెయ్యి నాది. నన్నెవరన్న అడిగిండ్రా? దవాఖానకు తీస్కపో అని ఎన్నిసార్లు మొత్తుకున్న? గప్పుడు లేని తొందర గిప్పుడు అగ్గిపెట్టెకొచ్చిందా?"

రఘుపతి గేటు వదిలి లోపలికి పోయాడు. జనం ఒక్కొక్కరే జారుకున్నారు.

అంతటితో అతను మారిపోయాడని కాదు. మర్నాడు సలోమి వాటాకు నీళ్లు బంద్ చేశాడు. ఆమె వీధి నల్లా దగ్గర బిందె పెట్టుకుంది తప్ప ఇల్లు కదల్లేదు. యశోదే ఆటో పిలిచి సలోమిని తోడు తీసుకుని దవాఖానకు పోయింది. మెడ దగ్గర నరం ఒత్తుకుందని డాక్టరు చెప్పి మందులిచ్చాడు. చెయ్యి మెల్లమెల్లగా స్వాధీనంలోకి వస్తోంది.

ఓ సాయంత్రం సిద్దమ్మ గంప దించి గడప మీద కూర్చుంది.

"బిడ్డా, నీ బుక్కుల మంత్రగత్తె గురించి ఏం రాసినవ్?"

సలోమి చదివింది. కథల్లో మంత్రగత్తెకు పేరుండదని, చివరికి చచ్చిపోతుందని ఉంది.

"ఎందుకు సావాలె?"

సలోమి ఆ పేజీ మూల మడిచింది. "మళ్ల అచ్చేసేటప్పుడు మారుస్త అవ్వా. నీ ముచ్చట రాయనా? పేరు వేరే పెడ్త."

"వేరేదెందుకు? రాళ్లేసినోళ్లు నన్ను పేరువెట్టే పిలిసిండ్రు. సిద్దమ్మ అని రాయి. సావలేదని రాయి."

సలోమి పెన్ను తీసింది. సిద్దమ్మ కొంగు నడుముకు దోపుకుని మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.